చెప్పకుండా కదిలిన పడవ

లక్షా ముప్పై వేల రూపాయలు కూడబెట్టి పాత ఫైబరు పడవ ఒకటి కొనుక్కుని, భీమిలి తీరంలో సందర్శకులను సముద్రం మీద తిప్పే హేమంత్ కష్టజీవే గాని, అతనికి దేనికీ ఆగే ఓపిక ఉండేది కాదు.

లెక్కల్లో మాత్రం మహా చురుకు. పడవలో ఎంతమంది ఎక్కితే ఖర్చులు పోను ఎంత మిగులుతుందో వేళ్ళు ముడవకుండా చెప్పేవాడు. తెడ్లు తీసి ఇంట్లో పడేస్తే ఆ చోట ఇంకో ఇద్దరు కూర్చోవచ్చని కనిపెట్టినవాడూ అతనే.

అతని తండ్రి గౌరునాయుడు నౌకాదళంలో పనిచేసి రిటైరైన మనిషి. తెల్లవారక ముందే లేచి గడ్డం గీసుకునేవాడు. ఇస్త్రీ చొక్కా లేకుండా వీధిలోకి వచ్చేవాడు కాదు. పెరట్లో బట్టలారేసే తాడుకు ఆయన ముడి వేస్తే, తుఫానుకు బట్టలు ఎగిరిపోవలసిందే గాని తాడు కదిలేది కాదు. తీరంలో అందరూ ఆయన్ని నేవీ నాయుడు అనేవారు.

ఆయనకొక పట్టింపు ఉండేది. పడవ నీళ్ళలోకి దిగే ముందు ఒడ్డున ఎవరో ఒకరికి చెప్పి తీరాలి. ఎవరెవరు వెళుతున్నారు, ఏ వైపు వెళుతున్నారు, ఎప్పటికి తిరిగొస్తారు, అన్నీ చెప్పాలి. వచ్చాక మళ్ళీ వెళ్ళి "వచ్చేశాం" అనాలి. దీనికోసం ఆయన ఒడ్డున ఎండుచేపలు అమ్మే నూకరత్నాన్ని ఏర్పాటు చేశాడు. ఆవిడ పొద్దుట్నుంచి సాయంత్రం దాకా అక్కడే సముద్రానికి ఎదురుగా కూర్చునేది.

హేమంత్‌కు ఇది చిరాకుగా ఉండేది.

"నాన్నా, ప్రతిసారీ ఆవిడ దగ్గరికి వెళ్ళి చెప్పి రావడానికి పది నిమిషాలు పోతోంది. సాయంత్రానికి లెక్కేస్తే ఒక ట్రిప్పు పోయినట్టే."

"లెక్కల్లో నీకు నూటికి నూరు మార్కులు వేస్తానురా. ఏం లాభం? సముద్రానికి లెక్కలు రావు," అనేవాడు గౌరునాయుడు.

పక్క పడవల వాళ్ళకు ఇదొక వినోదమైంది. "ఏం హేమంతూ, మీ నాన్న నేవీలో ఓడ నడిపాడా, ఒడ్డున నిలబడి ఓడలకు టాటా చెప్పాడా?" అని ఆట పట్టించేవారు. హేమంత్‌కు తల కొట్టేసినట్టయ్యేది.

ఒకరోజు ఆ మంట తండ్రి మీద చూపించాడు. "నీకు నీళ్ళంటే భయమని ఒప్పుకోవచ్చు కదా నాన్నా!" అన్నాడు.

గౌరునాయుడు కొడుకు వంక చూశాడు. "భయమేరా. బాగా ఎరిగినవాణ్ణి కదా," అన్నాడు. ఆ తరువాత ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. హేమంత్ నూకరత్నం దగ్గరికి వెళ్ళడం మానేశాడు. గౌరునాయుడు మాత్రం పొద్దున్నే టోపీ పెట్టుకుని ఒడ్డుకు వచ్చి, ఆవిడ బుట్ట పక్కన కూర్చునేవాడు. పెద్దాయనకు ఊసుపోక కబుర్లు చెప్పుకుంటున్నాడనుకున్నాడు కొడుకు.

ఆ ఏడు వానలు తగ్గుముఖం పట్టాక గౌరునాయుడు నిద్రలోనే కన్నుమూశాడు. ఆయనతో పనిచేసిన వాళ్ళు తెల్లని చొక్కాలు తొడుక్కుని వచ్చి, నిటారుగా నిలబడి సెల్యూట్ చేశారు. హేమంత్ గుండె పొంగింది. మరుక్షణమే, భయస్థుడికి ఎందుకింత మర్యాద అన్న పాడు ఆలోచన కూడా వచ్చింది. తనను చూసి తనకే సిగ్గేసింది.

అస్థికలు సముద్రంలో కలిపే రోజు వచ్చింది. పెదనాన్న అప్పలస్వామి, అక్క భర్త ఈశ్వర్, హేమంత్ నది సముద్రంలో కలిసే చోట స్నానం చేసి, తడిపంచెలతోనే పడవ దగ్గరికి వచ్చారు. ఫోన్లన్నీ ఇంట్లోనే ఉన్నాయి. కుండ పెదనాన్న ఒళ్ళో ఉంది.

ఇంజను తాడు లాగబోతూ హేమంత్ ఆగాడు. ఎందుకో తండ్రి పట్టింపు గుర్తొచ్చింది. దూరంగా నూకరత్నం బుట్ట సర్దుకుంటోంది.

"పెదనాన్నా, ఒక్క నిమిషం. ఆవిడకు చెప్పి వస్తాను."

"ఏమని చెబుతావురా?"

"వెళ్ళొస్తామని."

అప్పలస్వామి చెవులు మూసుకున్నాడు. "శివ శివా! అస్థికలు పట్టుకుని వెళ్ళొస్తామంటావా? చావింటి గడప దిగేటప్పుడే అనకూడని మాట. ఇంకో చావుకు రమ్మని పిలిచినట్టురా! పెదవి విప్పకుండా పద."

బావ ఈశ్వర్ కూడా, "పెద్దాయన చెబుతున్నాడు కదా, ఎండ ఎక్కుతోంది, పద," అన్నాడు.

వెళ్ళొస్తామనకుండా, ఎటు వెళుతున్నామో ఒక్క ముక్క చెప్పి రావచ్చు. ఆ సంగతి హేమంత్‌కు తోచకపోలేదు. కాని తండ్రి పట్టింపును తప్పించుకోవడానికి ఇంత మంచి సాకు మళ్ళీ దొరకదు. తాడు లాగాడు. పడవ కదిలింది.

ఒడ్డు సన్నని గీతలా మారేదాకా వెళ్ళారు. పెదనాన్న మంత్రం అందుకోబోయాడు. అంతలో పడవ కింద ఏదో పట్టుకుని గుంజినట్టయింది. ఇంజను ఒకసారి మూలిగి ఆగిపోయింది.

ఎవరో పారేసిన పాత వల ఇంజను ఫ్యానుకు చుట్టుకుంది. హేమంత్ ఇంజను పైకెత్తి లాగాడు. నైలాను దారాలు లోపలికి బిగుసుకున్నాయి. కోయడానికి కత్తి లేదు. పళ్ళతో కొరికాడు. చిగుళ్ళు చిట్లాయి గాని దారం తెగలేదు. లంగరు వేస్తే తాడు అడుగుకు అందలేదు. తెడ్లేమో ఇంట్లో ఉన్నాయి. ఒడ్డు మీంచి వచ్చే గాలి పడవను సముద్రం లోపలికి తోస్తూనే ఉంది.

"ఒరే, ఇంటి దగ్గర మనకోసం ఎప్పుడు కంగారు పడతారు?" అన్నాడు పెదనాన్న.

లెక్కల్లో చురుకైన హేమంత్ ఆ లెక్క చేశాడు. కార్యం, స్నానం, దానం అన్నీ అయ్యేసరికి మధ్యాహ్నం దాటుతుందని ఆడవాళ్ళు అనుకుంటారు. సాయంత్రం దాకా ఎవరూ వెతకరు. సాయంత్రానికి పడవ ఎక్కడుంటుందో కూడా లెక్క తేలింది. మళ్ళీ వల పట్టుకుని గుంజాడు.

ఈశ్వర్‌కు వాంతులు పట్టుకున్నాయి. మధ్యలో తలెత్తి, "మీ అక్కకు చెప్పు..." అన్నాడు.

"ఎలా చెప్పను బావా, నేనూ నీతోపాటే ఉన్నాను కదా," అన్నాడు హేమంత్. ముగ్గురికీ నవ్వు రాబోయి ఏడుపు వచ్చింది.

ఒడ్డు కనుమరుగైంది. ఎండ నెత్తి మీదికి వచ్చింది. పెదనాన్న కుండను గుండెలకు హత్తుకుని, "తమ్ముడూ, నువ్వైనా చెప్పరా ఎవరికైనా!" అని గొణుగుతున్నాడు.

అప్పుడు వినిపించింది, ఇంజను చప్పుడు. నీలం రంగు వేట పడవ ఒకటి నేరుగా వాళ్ళ వైపే వస్తోంది. ముందు నిలబడినవాడు నూకరత్నం తమ్ముడు పోలిరాజు.

"ఏటి హేమంత్ బాబూ, ఒరిస్సా ఎల్లిపోదారనేటి?" అని కేకేసి తాడు విసిరాడు.

హేమంత్ తాడు అందుకుని తన పడవ ముందు భాగానికి కట్టాడు. పెదనాన్న పోలిరాజుకు రెండు చేతులూ ఎత్తి మొక్కాడు. రెండు పడవలూ పక్కపక్కన ఊగుతుండగానే గౌరునాయుడి అస్థికలను నీళ్ళలో కలిపారు. బూడిద కాసేపు తేలి, మెల్లగా నీటి రంగులో కలిసిపోయింది.

ఒడ్డుకు చేరగానే హేమంత్ పరుగున నూకరత్నం దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మా, మేము నీకు చెప్పలేదు కదా! మరి ఎలా తెలిసింది?"

"సెప్పనేదు గనకే తెలిసింది నాయనా," అంది ఆవిడ. "నువ్వు మానేసినా మీ నాన్న మానేడా? నీ పడవ కదిలిందంటే సాలు, వచ్చి సెప్పేవాడు. మా వోడు ఇటెల్లాడు, ఇంతమందితో ఎల్లాడు, ఈ ఏలకి వస్తాడని. నువ్వు ఒడ్డెక్కేదాకా మంచినీళ్ళు కూడా తాగేవోడు కాదు. ఈరోజు నీ పడవ ఎల్లింది, మాట రానేదు. సెప్పే మడిసి పోయినాడని నాకు తెలుసు. అయినా మనసు ఒప్పనేదు. కళ్ళు నీ పడవ మీదే ఉంచినాను. ఎంతకీ మళ్ళనేదు. మా తమ్ముణ్ణి లేపి తోలీసినాను."

హేమంత్ ఇసుకలో కూలబడ్డాడు.

"నాన్నకు ఎందుకంత పట్టింపమ్మా?"

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "కుర్రతనంలో ఓ సావాసగాడితో కలిసి, ఓడ మీంచి సిన్న పడవ దింపుకుని సరదాకి ఎల్లాడంట. ఎవలికీ సెప్పనేదు. గాలి తోసుకుపోయింది. బోజనాల కాడ రెండు పళ్ళేలు మిగిలిపోతే, వంటోడు 'ఈళ్ళేరీ?' అని కేకలేసినాడంట. ఆ కేకే నన్ను బతికించింది రత్నం, అనేవోడు."

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"నేనూ అడిగినాను. 'వాడు పరుగెత్తే మడిసి. నిలబడి వినే రోజున నువ్వు సెప్పు' అన్నాడు."

హేమంత్ చాలాసేపు ఏడ్చాడు. తండ్రి పోయిన రోజున కూడా అంత ఏడవలేదు. ఏడ్చాక మనసు తేలికపడింది. ఇన్నాళ్ళూ భయస్థుడి కొడుకునన్న బరువొకటి తనలో ఉండేది. ఇప్పుడు వెతికి చూసుకుంటే అది కనిపించలేదు. తండ్రి అన్నీ ఎరిగినవాడు. కొడుకు నవ్వినా, తన పని తాను చేసుకుంటూ పోయినవాడు.

వెనక నుంచి పెదనాన్న వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "చావింట్లో వెళ్ళొస్తామనకూడదు, అది నిజమే. సముద్రం మీదికి పోతూ ఎటు పోతున్నామో చెప్పొద్దని మాత్రం ఏ పెద్దలూ అనలేదురా. నేనే ఎక్కువ తెలిసినవాడిలా మాట్లాడాను," అన్నాడు. ఆ వెంటనే, "ఇంటి దగ్గర మీ అమ్మతో మాత్రం కార్యం కాస్త ఆలస్యమైందని చెబుదాం," అన్నాడు.

"లేదు పెదనాన్నా. జరిగింది జరిగినట్టు చెబుదాం. నాన్న గురించి అమ్మకూ తెలియాలి," అన్నాడు హేమంత్.

తీరం వెంట సందర్శకుల పడవలు ఇంకా చాలా ఉన్నాయి. ఆట పట్టించే వాళ్ళంతా సాయంకాలం అక్కడే టీ బండి దగ్గర చేరతారు. అమ్మకు చెప్పాక అక్కడికి వెళ్ళాలి. ఇకపై ఏ పడవ కదిలినా ఒడ్డున ఒక మనిషికి తెలిసి కదలాలని వాళ్ళను ఒప్పించాలి. నవ్వుతారని తెలుసు. నవ్వనీ అనుకుని, హేమంత్ ఒళ్ళు దులుపుకుని ఇంటి దారి పట్టాడు.

పెద్దల జాగ్రత్తను పిరికితనమని నవ్వేవాడు కూడా, ఏదో ఒక రోజు ఆ జాగ్రత్త వల్లే ఒడ్డుకు చేరతాడు.