గడప మీద ముద్ద

ఒకప్పుడు ఒంట్లోని కణాలన్నీ తలుపులు మూసుకుని వండుకునేవి. కణమంటే కంటికి కనపడనంత చిన్న ఇల్లు. ఇటుకలతో గోడ కట్టినట్టు, అలాంటి ఇళ్లతోనే ప్రతి ప్రాణి ఒళ్లూ కట్టి ఉంటుంది. ఏ ఇంట్లో ఏం ఉడుకుతోందో పక్కింటికి తెలిసేది కాదు. తొంగి చూడటం మర్యాద కాదని అందరూ అనుకునేవారు.

ఆ రోజుల్లో ఒక ఎద్దు ఉండేది. దాని కుడికొమ్ము మొదట్లో చెంచమ్మ అనే కణం కాపురం. ఆ వీధికి కావలి మాలకొండయ్య. అతనూ కణమే, కాకపోతే నెత్తుటి వెంట తిరిగే కణం. బయటినుంచి సూక్ష్మజీవులు చొరబడితే వేషం చూసి పట్టుకునేవాడు. సొంతవాళ్ల ఇళ్ల ముందు మాత్రం వీధిలోనే నిలబడి, క్షేమమేనా అని అడిగేవాడు. క్షేమమే అని లోపల్నుంచి జవాబు వచ్చేది. అతను ముందుకు సాగిపోయేవాడు.

కొమ్ము ఎదగాల్సి వచ్చినప్పుడు కణం రెండుగా చీలుతుంది. చెంచమ్మ అలా చీలినప్పుడు పుట్టిన చెల్లెలు ఆదెమ్మ. కొన్నాళ్లు ఇద్దరూ బాగానే ఉన్నారు. తర్వాత ఆదెమ్మ ఎవరూ అడక్కుండానే చీలడం మొదలుపెట్టింది. ఒక ఆదెమ్మ ఇద్దరైంది, ఇద్దరు నలుగురయ్యారు. వీధి ఇరుకైంది. నెత్తుటి కాలవ ఆమె ఇళ్లవైపే మళ్లింది.

చెంచమ్మ మందలించబోయింది. ఆదెమ్మ నవ్వింది. “మన కొమ్ము పెరిగితే నీ కడుపెందుకు మండుతుంది అక్కా?” అంది.

ఆ మాటతో చెంచమ్మ వెనక్కి తగ్గింది. నలుగురికీ చెబితే, నీలోంచి చీలిందే కదా అంటారని ఆమె భయం. అందుకే మాలకొండయ్య వచ్చి అడిగినప్పుడల్లా తన ఇంటికీ చెల్లెలి ఇంటికీ కలిపి క్షేమమే అని చెప్పేది. చెప్పి తలుపు చాటుకు తప్పుకునేది.

ఆదెమ్మ ఇంటి ముందు మాలకొండయ్యకు తేడా వాసన తగిలేది. అతను ఆగేవాడు. ఆదెమ్మ బయటికొచ్చి, మనం మనం ఒకటి కదన్నా అంటూ అతని గుండె మీద చెయ్యి వేసేది. ఆ చెయ్యి తగలగానే అతని పట్టు సడలేది. సొంతవాళ్ల మీద చెయ్యి ఎత్తకూడదని చిన్నప్పుడు నేర్పిన పాఠం గుర్తొచ్చేది. అతను చూపు తిప్పుకుని వెళ్లిపోయేవాడు.

కొమ్ము మెత్తబడింది. ఒక పక్కకి వాలింది. ఎద్దు తల విదిలిస్తుంటే ఈగలు కాబోలనుకున్నాడు రైతు. చివరికి అది గడ్డి ముట్టడం మానేసింది. డెక్కలనుంచి, కళ్లనుంచి, కడుపులోనుంచి కబుర్లు మొదలయ్యాయి. తిండి రావడం లేదు, కొమ్ము దగ్గర ఏం జరుగుతోంది అని. ఎద్దు పోతే ఒక్క ఇల్లూ మిగలదు.

వీధివాళ్లు మాలకొండయ్య మీద పడ్డారు. కళ్లు మూసుకుని కావలి కాశావా అని ఒకరు, కావలి కాదు చుట్టపుచూపు అని ఇంకొకరు. అతను తల వంచుకుని నిలబడ్డాడు.

చెంచమ్మ గడప దాటి బయటికొచ్చింది.

“అతన్ని అనకండి. అడిగిన ప్రతిసారీ అబద్ధం చెప్పింది నేను.”

“అబద్ధమని నాకు తెలుసమ్మా” అన్నాడు మాలకొండయ్య. “తెలిసే అడిగాను. నువ్వు క్షేమమే అంటే నా పని తీరిపోతుందని.”



చెంచమ్మ లోపలికి వెళ్లి, తాను వండినదాంట్లోంచి చిన్న ముద్ద తెచ్చి గడప మీద పెట్టింది. “ఇకమీదట మా నోటిమాట నమ్మొద్దు. లోపల చెడితే వంటలోనే తెలుస్తుంది. ముందు నాది చూడు. ఆ చెడు నా గిన్నెలోనూ ఉంటే నాతోనే మొదలుపెట్టు.”

మాలకొండయ్య ముద్దను వేలితో తడిమి చూశాడు. బాగానే ఉంది. వీధివాళ్లు ఒక్కొక్కరే సిగ్గుపడుతూ తమ ముద్దలు తెచ్చారు. ఒకామెది అడుగంటింది. మాడినా మనదే అన్నాడతను. ఆమె ఊపిరి పీల్చుకుంది.

ఆదెమ్మ గడప ఖాళీగా ఉంది. ఖాళీ గడపను అసలే వదలనని మాలకొండయ్య చెప్పాడు. గత్యంతరం లేక ఆమె ముద్ద పెట్టింది. చూపుకి అన్ని ఇళ్ల ముద్దలాగే ఉంది. వేలితో తడిమితే తెలిసింది, ఉప్పు పడాల్సిన చోట సున్నం పడింది.

“అన్నా, నేను మీ ఆదెమ్మని” అంటూ ఆమె అతని గుండె మీదికి చెయ్యి చాచింది.

ఆ చెయ్యి అతన్ని తాకకముందే చెంచమ్మ పట్టుకుంది. అది అచ్చం తన చెయ్యిలాగే ఉంది. అయినా వదల్లేదు. మాలకొండయ్య తల ఎత్తలేదు. ఆదెమ్మ మొహం చూస్తే మళ్లీ వెళ్లిపోతానని అతనికి తెలుసు. ముద్దనే చూస్తూ చెయ్యాల్సిన పని చేశాడు. ఆదెమ్మ ఇల్లు కూలిపోయింది. ఆ తర్వాత తోటి కావలివాళ్లను పిలిచాడు. అలాంటి ముద్ద ఉన్న ప్రతి గడప దగ్గరా వాళ్లూ ఆ పనే చేశారు.

ఎద్దు మళ్లీ గడ్డి మేసింది. కొమ్ము మాత్రం వాలే ఉండిపోయింది. మాలకొండయ్యను మంచి పని చేశావని మెచ్చుకోవడానికి కొందరు వచ్చారు. అతను వాళ్లకు ఎదురుపడలేదు.

అప్పటినుంచే ఒంట్లో ప్రతి కణం తాను లోపల వండేదాంట్లోంచి చిన్న ముద్ద గడప మీద పెడుతుంది. క్యాన్సర్‌గా మారిన చెడ్డ కణాలు కొన్ని ఇప్పటికీ ముద్ద దాస్తాయి, కొన్ని కావలివాళ్ల గుండె మీద చెయ్యి వేస్తాయి. ఆ చెయ్యి పట్టుకుని ఆపడానికి ఈ కాలపు డాక్టర్ల దగ్గర మందులున్నాయి. కావలివాళ్లు మాత్రం ఇంటింటి ముందూ ఆగి ముద్దను తడిమి చూస్తారు. ఎవరి మొహమూ చూడరు.