గోనె కప్పుకున్న పుంజు

ముసురు పట్టిన రోజులవి. పశువుల పాక వెనక సున్నం గోడ మీద కాకి మామ బొగ్గుముక్కతో బొమ్మల కథ గీస్తుంటే, పాకలోని పిల్లా పీచూ అంతా ఆ గోడ కిందే కూర్చునేవారు. కథలో వీరుడు ముసలి ఎద్దు గంగన్న. వీపు మీద గోనెసంచి, ఎదురుగా నక్క.

నక్క పాకలో దూరిననాడు గంగన్న కొమ్ము విసిరి తరిమిన మాట నిజమే. తడవకుండా రైతు కప్పిన గోనె ఆ వేళ వీపు మీదున్న మాటా నిజమే. మిగతాదంతా కాకి కల్పన.

తురాయి పుంజుకు ఆ గోడ చూస్తే కంట్లో కారం పడ్డట్టుండేది. రోజూ చీకటితో లేచి ఊరిని లేపేది తను. గొంతు పూడుకుపోయినా కూత మానలేదు. అయినా రోజూ పనిచేసేవాణ్ణి గోడెక్కించే అలవాటు ఈ లోకానికి ఎప్పుడుంది? ఒక్కనాడు కొమ్ము విసిరినవాడికే బొమ్మలన్నీ.

పోనీలే అని సరిపెట్టుకునేవాడే. కానీ ఆ సాయంత్రం వాడి చిన్నకూతురు నూకాలు, గోనెపీలిక మెడకు కట్టుకుని గడ్డిమోపు మీంచి దూకింది.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు తురాయి.

"గంగన్న తాతని."

"మీ నాన్నవి కావచ్చుగా?"

"నాన్న కూస్తాడు. అంతేగా."

ఆ మాట ముల్లులా దిగింది. తురాయి తిన్నగా కాకి దగ్గరికి పోయాడు.

"నన్నూ గియ్యి మామా."

"ఎవణ్ణి తరిమావురా అల్లుడూ?"

"పొద్దున్నే కూస్తాను."

"కూత బొమ్మలో కనబడదు. దొంగ కావాలి. మొదట్లో నక్కను నక్కలాగే గీశాను, చూసేవాళ్ళు ఆవులించారు. కొమ్ములు పెట్టాను, కళ్ళు తెరిచారు. నిప్పు కక్కించాను, నోళ్ళు తెరిచారు. దొంగ పెరిగితేనే వీరుడు పెరుగుతాడు. ఇదీ నా విద్య."

తురాయి చెరువుగట్టు అవతల తుమ్మపొదకు నడిచాడు. నక్క ఎముక కొరుకుతోంది.

"బావా, గోడ మీద నీకు కొమ్ములొచ్చాయి, తెలుసా?"

"తెలుసు బావా. మా ఆవిడ దగ్గరికి రానివ్వడం లేదు."

"రేపు సందెవేళ పాకకు రా. అందరూ చూస్తుండగా నేను నీ మీదికి ఉరుకుతాను. నువ్వు పారిపో."

నక్క వాణ్ణి కిందికీ మీదికీ చూసింది. "పులిని చూసి వాతలు పెట్టుకోవడం మా నక్కల పనే అనుకున్నాను. కోళ్ళకూ అంటిందన్నమాట. సరే, బావవి, అడిగావు. మరి గోనె ఏదీ? వట్టి పుంజును చూసి పారిపోతే నా పరువేం కాను? మహిమంతా ఆ గోనెలోనే ఉంది. తల నుంచి తోక దాకా కప్పుకుని రా."

తురాయికి అదే నిజమనిపించింది. ఎద్దు గొప్పదనం ఎద్దులో లేదని ఎవరైనా అంటే చాలు, వాడు ఎండుగడ్డిలా అంటుకునేవాడు.

మర్నాడు సందెవేళ గంగన్న కుడితి తాగుతుంటే, గుంజకు ఆరేసిన గోనెను తురాయి లాగేసి అందులో దూరాడు. గోనె తడిసి బరువెక్కి ఉంది. నాలుగడుగులు వేసేసరికి నెత్తి మీదుగా జారి, కాళ్ళకు చుట్టుకుని, వాణ్ణి లోపలే పడేసింది. నక్క సమయానికే వచ్చింది. గోడ కింద పిల్లలు కీచుమన్నారు.

"పారిపో బావా," అన్నాడు తురాయి గోనెలోంచి.

"పారిపోతున్నాను. నువ్వూ రా." నక్క గోనె మూతి కరిచి పట్టి ఈడ్చింది. పళ్ళ సందునుంచే నవ్వింది. "ఎన్ని కోళ్ళను మోశానో. మూట కట్టుకుని వచ్చినవాడివి నువ్వొక్కడివే."

నూకాలు ఆ మూట వెంట ఏడుస్తూ పరిగెత్తడం తురాయికి లోపల వినిపించింది. కూద్దామని నోరు తెరిస్తే నోటినిండా తడిగోనె దూరింది.

అప్పుడు గోనె కొసను ఒక గిట్ట తొక్కింది.

"ఒరే, ఆ గోనె నాది," అన్నాడు గంగన్న వణుకుతూ. "చలేస్తోంది."

అంటూనే కొమ్ములు వంచాడు. బొగ్గు కొమ్ములు కావవి, అసలువి. నక్క గోనె వదిలి తుమ్మల్లోకి దూరింది. గంగన్న గోనె దులిపాడు. తురాయి ఈకలు చెదిరి బురదలో పడ్డాడు.

"నాన్నా, నువ్వా? అందులోకి ఎందుకెళ్ళావు?"

గంగన్న ఒక్కసారి పుంజు కళ్ళలోకి చూశాడు. "నక్క నా గోనె ఎత్తుకుపోతుంటే అడ్డుపడ్డాడమ్మా మీ నాన్న," అని కుడితి దగ్గరికి వెళ్ళిపోయాడు.

నక్క పళ్ళకన్నా ఆ మాటే తురాయిని ఎక్కువ కొరికింది.

తెల్లారేసరికి గోడ మీద కొత్త బొమ్మ వెలిసింది. తాటిచెట్టంత నక్క, కొండంత గంగన్న, మధ్యలో ఒక మూట.

"ఇందులో నాన్నేడీ?" అంది నూకాలు.

కాకి బొగ్గుతో మూటను చూపించాడు. "ఇదిగో, లోపలున్నాడు."

ఇంకొకరి గోనెలో దూరినవాడు వీరుడు కాడు, మూటవుతాడు.