అందరి బల్ల, అందరి క్యాష్

ఒక ఊళ్లో ఆసుపత్రి యంత్రాలకు కెర్నల్, అంటే మిగతా ప్రోగ్రామ్‌లన్నిటినీ నడిపించే మూల ప్రోగ్రామ్, రాసే కంపెనీ ఉండేది. వాటిలో ఒక యంత్రంలో బొమ్మలు చూపించే ప్రోగ్రామ్, ప్రాసెసర్ పక్కనుండే క్యాష్ అనే చిన్న మెమరీనంతా ఆక్రమించేసేది. రోగి గుండె చప్పుడు లెక్కపెట్టే ప్రోగ్రామ్ చోటు దొరక్క వెనకబడేది. కొత్తగా చేరిన పైడితల్లి, క్యాష్‌ను వాటాలు వేసే కోడ్ రాసింది.

"క్యాష్ అందరిదీ. వాటాలెందుకూ?" అని పెద్దాఫీసరు విస్సంరాజు తోసిపుచ్చాడు.

మధ్యాహ్నం ఆయన పొగలు కక్కే సాంబారు గిన్నె పట్టుకుని క్యాంటీన్ బల్ల దగ్గరికొచ్చాడు. బల్ల నిండా పైడితల్లి డబ్బాలే.

"బల్ల అందరిదీ కదండీ, ముందొచ్చి పరుచుకున్నాను," అందామె.

ఆయన వేళ్లు చురుక్కుమంటున్నాయి. "ఇంతవరకే నీదని ఓ గీత ఉండొద్దా అమ్మా!" అని అరిచాడు.

పైడితల్లి డబ్బాలు పక్కకు జరిపింది. "ఆ గీతేనండీ నేను రాసింది."

సాంబారు చల్లారకముందే ఆ కోడ్ కెర్నల్‌లో చేరింది.