ఎడమ మూల షాటు

రేపల్లెలో యేసురత్నం మాస్టారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పరు, పని చెబుతారు. నా సర్వీసు నెట్టుకు ఎందుకు తగులుతోందని ఎవరైనా అడిగితే, అవతలి వైపు నిలబడి ఇరవై సర్వీసులు చూసి రమ్మనేవారు. హైస్కూలు డ్రిల్లు మాస్టారుగా రిటైరై ఇరవయ్యేళ్ళు దాటినా, ఉన్ని బంతితో ఆడే బాల్ బ్యాడ్మింటన్ ఆ ఊళ్ళో ఇంకా బతికి ఉందంటే అది ఆయన చలవే. సాయంత్రం నాలుగున్నరకల్లా మట్టి కోర్టు మీద నీళ్ళు చల్లించి, గీతలకు సున్నం వేయించి, ఇనుప కుర్చీ వేసుకుని కూర్చునేవారు. అలాంటి ఒక సాయంత్రం ఆయన దగ్గరకు మస్తాన్‌వలి వచ్చాడు. కరెంటు ఆఫీసులో లైన్‌మన్ అతను. నలభై తొమ్మిదేళ్ళ మనిషి. స్తంభం దిగి తిన్నగా వచ్చినట్టున్నాడు, చొక్కా మీద తుప్పు మరకలున్నాయి. మొహం మాత్రం కొలిమిలా ఉంది.

అతని కోపానికి కారణం సినిమా హీరో రణధీర్. ఆదివారం మధ్యాహ్నం టీవీలో ఆయన ఇంటర్వ్యూ వచ్చింది. తెరపేరు రణధీర్ అయినా, అసలు పేరు తులసీరావు. వలీతో పాటు ఇదే కోర్టు మీద ఆట నేర్చుకున్నవాడు. ముప్ఫై రెండేళ్ళ క్రితం కాకినాడలో జరిగిన జిల్లాల జూనియర్ ఫైనల్ గురించి ఆయన ఆ ఇంటర్వ్యూలో చెప్పుకొచ్చాడు. మూడో గేమ్, ఇరవై ఎనిమిది - ఇరవై ఎనిమిది, మిగిలింది ఒక్క పాయింటు. బంతి తలమీదుగా ఎడమ మూలకు పోతోంది. తను వెనక్కి పరుగెత్తి, నెట్టుకు వీపు పెట్టి, నేలకు జానెడు ఎత్తులో బంతిని అందుకుని కొట్టాడట. గెలిచారట. ‘సినిమాల్లోకి రాకపోయి ఉంటే దేశానికి ఆడేవాణ్ణి’ అని నవ్వాడు. యాంకరమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. స్టూడియో అంతా చప్పట్లు.

ఆ షాటు కొట్టింది వలీ. ఎడమచేతి వాటం కాబట్టే అంది వచ్చిన షాటు అది. ఆ రోజు జట్టులో పదిమంది ఉంటే, తులసీరావు పదోవాడు. ఫైనల్లో కోర్టులో కాలు పెట్టలేదు. తువ్వాళ్ళు, నీళ్ళ క్యాను చూసుకున్నాడు. ఆ పోటీ సర్టిఫికెట్‌తోనే వలీకి స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వచ్చింది. ఆ ఉద్యోగం మీదే పెళ్ళి, ఆ జీతంతోనే ఇద్దరాడపిల్లల చదువు. తులసీరావుకున్న కార్లను చూసి గానీ, మేడలను చూసి గానీ వలీ ఏనాడూ కుళ్ళుకోలేదు. ఎవరి నొసటి రాత వారిదని ఊరుకున్నాడు. కానీ తన బతుకు మొత్తంలో గొప్పగా చెప్పుకోదగ్గది అదొక్కటే. అన్నీ ఉన్నవాడికి అది కూడా కావలసి వచ్చిందా?

పొద్దున టీ కొట్టు దగ్గర మరొకటి జరిగింది. కొట్టువాడు గ్లాసు చేతికిస్తూ, “వలీ గారూ, మీరూ ఆ టీములో ఉన్నారంటగా! రణధీర్‌కి బంతులు ఏరిచ్చేవాళ్ళా?” అని అడిగాడు. వేళాకోళం కాదు, నిజంగా తెలుసుకుందామని అడిగాడు. వలీ గ్లాసును అలాగే బల్ల మీద పెట్టేసి వచ్చేశాడు.

“మాస్టారూ, ఆ రోజు కోర్టు పక్కన ఉన్నది మీరు. ఎవడు ఆడాడో, ఎవడు నీళ్ళు మోశాడో మీకు తెలుసు,” అన్నాడు వలీ. “అబద్ధానికి దండలు పడుతుంటే మీరు నోరు విప్పరేం?”

మాస్టారు సున్నం గీతను చూస్తూ, “వాడు చెప్పిందంతా విన్నావా?” అని అడిగారు.

“సగంలోనే కట్టేశాను. ఎట్లా వినమంటారు?”

“వచ్చే ఆదివారం మన క్లబ్బుకు యాభై ఏళ్ళు నిండుతున్నాయి. వాణ్ణి పిలిచాను, వస్తానన్నాడు. రాకెట్టు తెచ్చుకో.”

వారమంతా వలీ ఆ ఆదివారాన్నే తలుచుకుంటూ స్తంభాలెక్కాడు. రాకెట్టుకు కొత్త నరం వేయించాడు. తులసీరావును కోర్టు మీద నిలబెట్టి ఊరి ముందు దులపాలి. నోటితో ఒక్క మాట అనక్కర్లేదు; బంతే చెబుతుంది. ఆ తలంపు వచ్చినప్పుడల్లా ఒళ్ళంతా హాయిగా ఉండేది. మరుక్షణం, ఇట్లాంటి దానికి ఇంత హాయి ఏమిటని సిగ్గేసేది. సిగ్గుపడుతూనే మళ్ళీ తలుచుకునేవాడు.

ఆదివారం జనం గోడలెక్కారు. రణధీర్ నల్లకారు దిగాడు. జుట్టు ఇంకా నల్లగానే ఉంది, పళ్ళు తెల్లగా మెరుస్తున్నాయి. వచ్చీ రావడంతో మాస్టారి కాళ్ళకు దణ్ణం పెట్టాడు. ఫోన్లన్నీ పైకి లేచాయి. ఆ దణ్ణం కూడా వలీకి నటనలాగే కనిపించింది. మాస్టారు మైకు తీసుకుని, పాతవాళ్ళ జట్టుకూ కాలేజీ జట్టుకూ సరదా ఆట అని చెప్పి, ఎవరెక్కడ నిలబడాలో పేరు పేరునా చెప్పారు. ఎడమ వెనక మూల రణధీర్. నడిమిన మస్తాన్‌వలి. రణధీర్ మొహంలో నవ్వు ఒక్క క్షణం తడబడటం వలీ చూశాడు. చూసి సంతోషించాడు.

ఆట మొదలైంది. కాలేజీ పిల్లలు మర్యాదగా నిదానంగా కొట్టినా రణధీర్ రాకెట్టుకు గాలే తగిలింది. రెండో బంతి భుజానికి తగిలింది. తప్పిన ప్రతిసారీ ఆయన చెవులు పట్టుకుని గుంజీ తీశాడు. జనం పడీ పడీ నవ్వి ఈలలు వేశారు. వలీ నడిమి నుంచి మూడు పాయింట్లు తెచ్చాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తప్పుకు పడిన ఈల ఒప్పుకు పడలేదు. ఇంతలో గోడ మీంచి ఎవరో “ఎడమ మూల షాటు!” అని అరిచారు. మిగతావాళ్ళు అందుకున్నారు. కాలేజీ కుర్రాడొకడు ఉత్సాహంగా బంతిని ఎత్తి సరిగ్గా ఆ మూలకే వేశాడు. అడ్డం పోతే వలీకి అందుతుంది. పోలేదు. కాళ్ళు నేలకు అతికించుకుని నిలబడ్డాడు. రణధీర్ వెనక్కి పరుగెత్తి, కాలు జారి, మోకాళ్ళ మీద పడ్డాడు. ఈసారి నవ్వు కొంచెం తగ్గింది. రెండోసారీ బంతి అక్కడికే వచ్చింది. వలీ మళ్ళీ కదల్లేదు. రణధీర్ రాకెట్టు చేయి జారి దూరంగా పడింది. ఎవరూ నవ్వలేదు.

మూడో బంతి లేచింది. రణధీర్ దాని వైపు చూడను కూడా లేదు. పక్కకు తప్పుకుని, “వలీ!” అని కేక వేశాడు. ఆ కేకలో హీరో లేడు. పదిహేడేళ్ళ తులసీరావు ఉన్నాడు.

వలీ మనసు ఇంకా వద్దంటూనే ఉంది. ఒళ్ళు వినలేదు. నాలుగంగల్లో మూలకు చేరి, నెట్టుకు వీపు పెట్టి, నేలకు జానెడు ఎత్తులో ఎడమచేత్తో బంతిని అందుకున్నాడు. నరం మోగింది. కోర్టు అవతల ఎవరో “అబ్బా!” అన్నారు. తరువాత విజిల్ మోగింది.

ఆట అయ్యాక నెట్లు దాచే గదిలో వలీ బూట్లు విప్పుకుంటున్నాడు. రణధీర్ తలుపు దగ్గరగా వేసి వచ్చి, అతని ఎదురుగా సున్నం డబ్బా మీద కూర్చున్నాడు. మోకాలు చెక్కుకుపోయి రక్తం కారుతోంది.

“మీరు...” అని మొదలుపెట్టి, వలీ ఆ మాట మింగేశాడు. “నువ్వు ఆ రోజు బెంచీ మీద ఉన్నావు తులసీ.”

“ఉన్నాను. అందుకే చూశాను. నువ్వు చూళ్ళేదు వలీ. వీపు అటు పెట్టి ఉన్నావు. ఆ బంతి ఎక్కడ పడిందో నీకు ఈ రోజుకీ తెలియదు.”

నిజమే. ఆ రోజు వలీకి వినబడింది విజిల్ ఒక్కటే. తిరిగేసరికి అందరూ మీద పడి ఎత్తుకున్నారు.

“అవతల నడిమివాడు చెయ్యెత్తి ఉన్నాడు. వాడి చంక కిందుగా వెళ్ళి, వెనక గీత మీద పడింది. సున్నం పొగలా లేచింది,” అన్నాడు తులసీరావు. “నేను నీళ్ళ క్యాను పట్టుకుని లేచి నిలబడ్డాను. బంతి గాల్లో ఉండగా ఏమనుకున్నానో తెలుసా? బయట పడాలి అనుకున్నాను. మన జిల్లా ఓడిపోయినా సరే, వీడు మాత్రం గెలవకూడదు అనుకున్నాను. తరువాత అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చి నిన్ను ఎత్తుకున్నదీ నేనే. ఎన్నో సినిమాలు చేశాను వలీ. ఎక్కడికి పోయినా ఆ సున్నం కళ్ళ ముందు లేస్తూనే ఉంటుంది. నాదని చెప్పుకున్న రోజున కాస్త నిద్ర పడుతుంది.”

వలీ లేచాడు. గోడకు వేలాడుతున్న పాత తువ్వాలు తీసి, కుండలో నీళ్ళతో తడిపి, అతని మోకాలికి ఇచ్చాడు.

అంత చెప్పినవాడు, కోర్టు పక్కన వేసిన స్టేజీ మీద కూడా చెబుతాడనుకున్నాడు వలీ. మొదటి వరసలో నిలబడి ఎదురుచూశాడు. రణధీర్ మైకు ముందు నిలబడి, జనాన్ని చూసి, నవ్వు సర్దుకున్నాడు. “ఆ షాటు ఎట్లాంటిదో ఇవాళ మీరే కళ్ళారా చూశారు,” అని మాత్రం అన్నాడు. ఎవరికి ఏం అర్థమయిందో గానీ గోడలు దద్దరిల్లేలా ఈలలు వేశారు. నల్లకారు కదిలిపోయింది. దాని వెనకే సగం ఊరు పరుగెత్తింది.

కోర్టు ఖాళీ అయ్యాక వలీ మాస్టారి కుర్చీ పక్కన వచ్చి నిలబడ్డాడు. కోపం పోయిందో లేదో అతనికే తెలియడం లేదు.

“గదిలో అంతా చెప్పాడు మాస్టారూ. పైకెక్కి మింగేశాడు,” అన్నాడు. “రేపు మళ్ళీ ఇంకో టీవీలో అదే చెబుతాడు. పేరేమో వాడికి. నాకేం మిగిలినట్టు?”

మాస్టారు కుర్చీ చేతుల మీద బరువు ఆనించి మెల్లగా లేచారు. శిష్యుడి భుజం మీద చెయ్యి వేసి, “ఏమీ లేని ఇంటికి కన్నం వేసినవాణ్ణి నేనింతవరకు చూళ్ళేదురా, వలీ,” అన్నారు.