మహారాజు మీసమూ, ఇసక కుండా

మునగవరం ఏలిన వీరకంఠ మహారాజుకి రెండే ప్రాణాలు. ఒకటి మీసం, రెండోది కరెంటు హుక్కా. ఆ రోజుల్లో కరెంటెక్కడిదని అడక్కండి. ఇరవైమంది చక్రం తిప్పితే వచ్చేది.

ఒకనాడు పొరుగు రాజు దూత ఎదుట మహారాజు ఠీవిగా దమ్ము లాగారు. పొగ రాలేదు. లోపలున్నది పాత నికెల్ బ్యాటరీ. సగం కడుపుతో ఉండగానే రోజూ చార్జింగు పెడితే, ఆ సగమే తన కడుపనుకునే రకం. దూత మర్యాదగా పైకప్పు చూశాడు.

రాజుగారికి తల కొట్టేసినట్టయింది. మర్నాటి కొలువుకి మంచి బ్యాటరీ తెమ్మని ఆజ్ఞ వేశారు.

హుక్కా పట్టే దుగ్గప్ప లిథియం ఇనుప ఫాస్ఫేటు బ్యాటరీ తెచ్చాడు. యంత్రశాల పెద్ద కంఠీరవాచార్యులు లిథియం కోబాల్టు బ్యాటరీ తెచ్చారు. ఆచార్యులకి తనకి తెలియనిది లేదని గట్టి నమ్మకం. పనీపాటా లేని బావమరిది కూడా ఆయనకొకడున్నాడు. తన బ్యాటరీ గెలిస్తే హుక్కా కొలువు వాడికే ఇవ్వాలని ముందే రాజుగారి దగ్గర మాట పుచ్చుకున్నారు. తాతల నాటి నుంచీ దుగ్గప్ప ఇంట అన్నం పెట్టింది ఆ కొలువే.

సభలో ఆచార్యులు దంచేశారు. కోబాల్టు సన్నం, తేలిక, ఒక్కసారి చార్జింగు పెడితే దీపాలు పెట్టేదాకా పొగే పొగ. ఇనుపది లావు, మధ్యాహ్నానికే చేతులెత్తేస్తుంది. దుగ్గప్ప కాదనలేదు. ఇనుపది వేల చార్జింగులు ఓర్చుకుంటుందనీ, కోబాల్టుది కొన్ని వందలకే ముసలిదవుతుందనీ, బాగా వేడెక్కితే భగ్గుమన్నా అనవచ్చనీ మాత్రం విన్నవించాడు. హుక్కా పట్టేవాడికి రసాయనాలెందుకని ఆచార్యులు నవ్వారు. రాజుగారు కోబాల్టు వైపు మొగ్గారు.

దుగ్గప్ప చేతులు కట్టుకున్నాడు. "ఆచార్యులవారిదే ఖాయం చేయండి ప్రభూ. మన కోట ఆచారం ఒక్కటి జరిపిస్తే చాలు."

రాజుగారి పెదవికి తగిలేదేదైనా తెచ్చినవాడే ముందు రుచి చూడాలి. వంటవాడు పులుసు చూస్తాడు, తాంబూలంవాడు కిళ్ళీ నములుతాడు. రాజుగారు సరేనన్నారు.

దుగ్గప్ప తన బ్యాటరీ వేసి, హుక్కాని మీసానికి ఆనించి హాయిగా దమ్ము లాగాడు. ఆచార్యుల వంతు వచ్చింది. ఆయనదీ నూనె పెట్టి మెలేసిన మీసమే. హుక్కాని చేయంత దూరాన పట్టుకుని, గుమ్మం బయట పెట్టిన కుండ తెమ్మని సేవకుడికి మెల్లగా చెప్పారు. కుండ నిండా ఇసక ఉంది.

"ఇసక దేనికి?" అన్నారు రాజుగారు.

"జాగ్రత్తకి ప్రభూ."

"ఎవరి జాగ్రత్తకి?"

జవాబు దుగ్గప్ప చెప్పాడు.

"వారి మీసానికి ప్రభూ. తమ మీసానికి వేరే కుండ తెచ్చినట్టు లేదు."

రాజుగారి చెయ్యి గబుక్కున మీసం మీదికి పోయింది. "మరి నీది మధ్యాహ్నానికే ఆగిపోతుందిగా?"

"ఇంకోటి మారుస్తాను ప్రభూ. మా తాత నిప్పులు మార్చేవాడు, మా అయ్యా మార్చేవాడు. నేనున్నది అందుకే."

రాజుగారు కిరీటం జారేలా నవ్వారు. నవ్వుతూనే భుజం మీది శాలువా తీసి దుగ్గప్పకి కప్పి, హుక్కా కొలువు అతని వంశానికే రాసిచ్చారు. ఆచార్యుల బావమరిదినీ మరిచిపోలేదు. చక్రం దగ్గర ఇరవై ఒకటోవాడిగా ఆ క్షణమే వేయించారు.