లచ్చి భుజం మీది చిలక

పైడిరాజుకు ఒక పట్టుదల ఉండేది. తన ఆట ఆడేవాళ్ళెవరూ దారి తప్పకూడదు. తాను మాత్రం ఫోను దారి చెప్పకపోతే అత్తారింటికి కూడా తిన్నగా చేరలేని మనిషి. ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియకుండా దాచుకొచ్చాడు. పెళ్ళాం నోరొక్కటే తన చేతిలో లేదు.

ఆ ఆట పేరు చీకటికోన. కంప్యూటర్ మీద ఆడే సాహసాల ఆట. మొదటి భాగాన్ని కూర్మారావు మాస్టారు ఒంటిచేత్తో తయారుచేశారు. అందులో ఉన్నదల్లా లచ్చి అనే పిల్ల, చేతిలో ఒక లాంతరు, ఎదురుగా ఒక గుహ. అంతే. జనం నిద్రలు మానుకుని ఆడారు.

మాస్టారి పక్కన కూర్చుని పని నేర్చుకున్న పైడిరాజు చేతికి తర్వాత ఆ ఆట వచ్చింది. భాగం వెనక భాగం తీశాడు. లచ్చికి తుపాకీ వచ్చింది, గుర్రం వచ్చింది, హెలికాప్టర్ వచ్చింది, పెళ్ళికూతురికి కూడా లేనన్ని చీరలొచ్చాయి. జనమే రావడం మానేశారు.

ఇప్పుడు తొమ్మిదో భాగం. ఇది కూడా బోర్లాపడితే లచ్చికి తిలోదకాలిచ్చేద్దామని యజమానులు తేల్చేశారు. లచ్చితోపాటు ఆఫీసు హాల్లో మిగిలినవాళ్ళ ఉద్యోగాలకీ అని విడిగా చెప్పనక్కర్లేదు. సగం కుర్చీలు అప్పటికే ఖాళీ.

"మొదటి భాగంలా చేద్దామా సార్?" అని ఎవరో గొణిగారు.

"ఆఫీసుకి రేపట్నుంచి ఎడ్లబండి కట్టుకు రండి" అని కసిరాడు పైడిరాజు.

వాళ్ళ దగ్గరొక ఆచారం ఉంది. బయటివాళ్ళను పిలిచి ఆడిస్తూ వెనక నిలబడి చూస్తారు. ఆడేవాళ్ళు ఎక్కడైనా కదలకుండా ఆగిపోతే ఆ చోట ఎర్రచుక్క పెడతారు. ఎర్రచుక్క పడ్డచోటల్లా దారి చూపే బాణం పుట్టుకొస్తుంది. బాణాలు చాలవని పైడిరాజు లచ్చి భుజం మీద ఒక చిలకను కూడా కూర్చోబెట్టాడు. అది దారంతా చెబుతూనే ఉంటుంది. దాంతో తొమ్మిదో భాగంలో ఎర్రచుక్కన్నదే లేకుండా పోయింది.

ఈ మాటకు మాస్టారు ఒక్కసారి భేష్ అంటే చాలు, యజమానుల ముందు ధైర్యంగా నిలబడొచ్చు. ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని కొండెక్కాడు.

మాస్టారు లంబసింగి దాటాక ఒక పల్లెలో ఉంటున్నారు. పొగమంచు కిటికీలోంచి చుట్టంలా లోపలికొచ్చి కూర్చుంది. మాస్టారు మనిషి సగమైపోయారు. మాటకీ మాటకీ నడుమ ఊపిరి వెతుక్కుంటున్నారు.

"ఏట్రా పైడీ, ఒళ్ళు చేసినావు."

"మీరు తగ్గిపోయారు మాస్టారూ."

"అయితే లెక్క సరిపోనాది."

పైడిరాజు ఆట తెరిచి ఎదురుగా పెట్టాడు. "ఒక్క ఎర్రచుక్క లేదు మాస్టారూ. ఎవ్వరూ ఎక్కడా ఆగరు."

"లచ్చీ, కుడికి తిరుగు" అంది చిలక. మాస్టారు తిప్పారు. "లచ్చీ, ఆ రాయి పట్టుకుని ఎక్కు." ఎక్కించారు. "అబ్బ! ఎంత గొప్ప లోయ!" అంది చిలక. మాస్టారు ల్యాప్‌టాప్ మెల్లగా మూసేశారు.

"ఎలా ఉంది మాస్టారూ?"

"టీ తాగుదాం. పాల్లేవు. పాలిచ్చే ఇల్లు దిగువనుంది, పద."

గిన్నె ఒక చేత్తో, పైడిరాజు మోచెయ్యి ఒక చేత్తో పట్టుకుని బయల్దేరారు.

"గడపరా. కాలెత్తు. చెప్పులు తొడుక్కో. ముందు కుడిది."

పైడిరాజు నవ్వాడు. తనంటే ఇంకా అంత ప్రేమ అనుకున్నాడు.

"రాయుంది, చూసుకో. పేడ, తొక్కీకు. ఎడమకి తిరుగు. ఇక్కడ పువ్వుంది, చూడు. చూసేసినావా? ఇంక పద."

పైడిరాజు నవ్వు ఆగిపోయింది. మాస్టారికి ఊపిరితోపాటు మతి కూడా పోతోందన్నమాట పాపం అనుకుని కళ్ళనీళ్ళు పెట్టుకోబోయాడు. అందుక్కూడా తీరిక దొరకలేదు. మలుపు తిరగ్గానే మంచు విచ్చుకుని కింద లోయ కనబడింది. నోరు తెరవబోయేసరికి మాస్టారు ముందే అందుకున్నారు.

"అబ్బ! ఎంత గొప్ప లోయ! ఊఁ, ఆశ్చర్యపో."

"ఊరుకోండి మాస్టారూ! నాకు కళ్ళున్నాయి!"

గురువుగారి మీద గొంతెత్తడం అదే మొదలు. కొండ కూడా విస్తుపోయినట్టు ఆ అరుపును తిప్పి వినిపించింది.

మాస్టారు మోచెయ్యి వదిలేశారు. పక్కనున్న బండ మీద కూలబడి చాలాసేపు దగ్గారు. తర్వాత గిన్నె అందించారు. "అలాగైతే నువ్వే పట్రా."

నాలుగడుగులు వేసేసరికి మళ్ళీ మంచు కమ్మేసింది. కాస్త దూరంలో బాట రెండుగా చీలింది. పైడిరాజు ఫోను తీశాడు. సిగ్నల్ లేదు. వెనక్కి చూశాడు. మాస్టారూ లేరు, బండా లేదు, అంతా తెలుపే. గిన్నె పట్టుకుని నిలబడిపోయాడు.

ఎంతసేపటికి తిరిగొచ్చాడో కానీ, మోకాలు గీరుకుపోయింది. గిన్నెలో పాలు సగమే ఉన్నాయి. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"రెండు దారులొచ్చాయి మాస్టారూ! ఏదో తెలీలేదు. ఆగి వింటే ఓ పక్క నీళ్ళ చప్పుడు. నీళ్ళుంటే పశువులుంటాయి కదా అని అటు వెళ్ళానా, ముళ్ళకంచె! వెనక్కొచ్చి మళ్ళీ నిలబడ్డాను. అప్పుడు దూడ అరిచింది, రెండో పక్క. ఆ అరుపు పట్టుకుని..."

మాస్టారు ఆపకుండా అంతా విన్నారు.

"దారి మద్దిలో ఆగినావన్నమాట."

"ఆగాను మాస్టారూ."

"అక్కడో ఎర్రచుక్క పెట్టీమంటావా?"

పైడిరాజు టీ తాగి ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకున్నాడు.

కొండ దిగివచ్చి చిలకను తీసేశాడు. బాణాలు చెరిపేశాడు. తుపాకీ లాక్కుని లచ్చి చేతికి లాంతరిచ్చాడు. సార్‌కి భయంతో మతి పోయిందని హాల్లో చెప్పుకున్నారు. చెప్పుకున్నవాళ్ళలో కొందరు వేరే ఉద్యోగాలు చూసుకున్నారు కూడా. ఇంకో వారం ఆగి ఆట మాస్టారికి చూపిద్దామనుకున్నాడు. ఆ వారంలోనే మాస్టారు పోయారని కబురొచ్చింది.

యజమానులు చూసే రోజు వచ్చింది. కాలేజీలో చదివే ఒకమ్మాయిని పిలిచి ఆట ముందు కూర్చోబెట్టారు. లచ్చి గుహలోకి నడిచింది. లాంతరు వెలుతురు నాలుగడుగుల అవతల తెగిపోయింది. ఎదురుగా రెండు సొరంగాలు. అమ్మాయి చేతులు ఆగిపోయాయి.

పైడిరాజు గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఏవయ్యా, ఆగిపోయిందేం?" అన్నాడు పెద్ద యజమాని.

పైడిరాజు అమ్మాయి చేతులవైపే చూస్తున్నాడు.

"అలా గుడ్లప్పగించి చూస్తారేం? ఎటు వెళ్ళాలో ఎవరైనా చెప్పండయ్యా ఆ పిల్లకి!"

అమ్మాయి తెర మీంచి చూపు తిప్పకుండానే ఒక చెయ్యి వెనక్కి ఎత్తింది.

"ష్... ఉండండి సార్. లోపలేదో వినపడుతోంది."