బోర్లించిన రాయి

అనగా అనగా, మూడు వైపులా సముద్రం కాపలా కాసే ఒక మహానగరం. పేరు బైజాంటియం. అక్కడ జోటికుడనే ఆస్థాన శిల్పి ఉండేవాడు. ఆస్థాన శిల్పి అన్న మాటే గాని, ఒంటినిండా రాతిపొడి తప్ప మరో ఆభరణం ఎరగడు పాపం.

ఆ దేశంలో ఒక వింత ఆచారం. కిరీటం పెట్టిన రోజునే శిల్పి పళ్లెంలో మూడు రాతిముక్కలు తెచ్చి, "ప్రభూ, తమ సమాధికి ఏ రాయి కావాలి?" అని అడగాలి. పట్టాభిషేకం నాడు ఇదేం మాట అంటారా? గద్దెనెక్కినవారికి కళ్లు నెత్తికెక్కకుండా పెద్దలు చేసిన ఏర్పాటది. ఏలేవారి ఆఖరి ఊపిరి దాకా ఆ ప్రశ్న అడిగే హక్కు శిల్పికి ఉంది. అతణ్ణి ఏ ద్వారమూ ఆపకూడదు.

కల్లిస్త రాణి అయిన రోజున జోటికుడు పళ్లెం చాచి అడిగాడు. ఆమె పడవవాడి కూతురు. రాజు మనసుపడి పెళ్లాడాడు. రాజు పోయాక ప్రజలే ఆమెను గద్దెనెక్కించారు. ఆ ప్రశ్నకు ఆమె కోపగించలేదు సరికదా, ఫక్కున నవ్వింది.

"ఆకుపచ్చది బాగుందయ్యా!" అని, సభనంతా వెంటబెట్టుకుని రాళ్లదొడ్డికి నడిచింది. ఉలి అందుకుని, అక్కడి ఆకుపచ్చ పలక మీద తన చేత్తో పడవ బొమ్మ గీసింది. ఎంత వంకర పడవో! మంత్రి యూజీనుడు నవ్వు ఆపుకోలేక దగ్గు నటించాడు.

మరుసటేడు భూమి కంపించి, పేదలవాడలో నీళ్ల తొట్టి బద్దలైంది. రాణి దొడ్డికి వచ్చింది.

"జోటికా, నా రాయి ఆ తొట్టి కింద వేసెయ్. పడవ కిందికి ఉండేలా బోర్లించు. నేను చెప్పమనే దాకా ఎవరికీ చెప్పకు."

"ప్రాణం పోయినా చెప్పను తల్లీ!"

రాణి తెల్లరాయి ఎంచుకుని మళ్లీ పడవ గీసింది. కొన్నాళ్లకు రేవు మెట్టు విరిగి బెస్తవాళ్లు జారిపడుతుంటే అదీ అక్కడ మెట్టయింది. తర్వాత ఎర్రరాయి. అది అనాథల వంటింట్లో రొట్టెపిండి పిసికే బల్ల అయింది. మూడు రాళ్లూ బోర్లానే పడుకున్నాయి. ఊళ్లో ఒక్కరికీ తెలియదు.

ముప్పై ఏళ్లు గడిచాయి. రాణికి విషజ్వరం వచ్చింది. వైద్యులు పెదవి విరిచారు. ఆఖరికి మాట కూడా పడిపోయింది. యూజీనుడు సమాధి రాయి కోసం దొడ్డికి వచ్చి చూస్తే ఏముంది? ఖాళీ!

"జోటికా, రాణిగారి రాయి ఏది నాయనా?" అన్నాడు మెత్తగా.

"ఉండాల్సిన చోట ఉంది దొరా."

"ఎక్కడో చెప్పు. నీకు మేడ కట్టిస్తాను."

"చెప్పకూడదు దొరా."

"దొంగవెధవా! అమ్ముకుతిన్నావు! రాణిగారు కన్నుమూసిన మరుక్షణం నీ తల తీయిస్తాను!"

జోటికుడు ఆలోచించాడు. నోరు విప్పితే మాట పోతుంది, విప్పకపోతే తల పోతుంది. రాణి ఊపిరి ఉన్నంతసేపే తనకూ ఊపిరి! ఉన్నట్టుండి అతనికి తన హక్కు గుర్తొచ్చింది. పళ్లెంలో మూడు రాతిముక్కలు వేసుకుని పరుగందుకున్నాడు. వెనక భటులు, వాళ్ల వెనక రొప్పుతూ మంత్రి!

మొదటి ద్వారంలో ఈటెలు అడ్డొచ్చాయి. "ఆఖరి ఊపిరి దాకా నా ప్రశ్న నాది!" అని జోటికుడు పళ్లెం ఎత్తి చూపాడు. ఈటెలు తప్పుకున్నాయి. రెండో ద్వారంలో కత్తులు. "నా ప్రశ్న నాది!" కత్తులు దిగాయి. మూడో ద్వారంలో వైద్యులు నోరు తెరిచేలోగా దూరిపోయాడు.

మంచం పక్కన మోకరిల్లి, "తల్లీ, తమ సమాధికి ఏ రాయి కావాలి?" అన్నాడు.

రాణి కళ్లు తెరిచింది. మూడు ముక్కలనూ చూసి చిరునవ్వు నవ్వింది. మందుగిన్నెలో వేలు ముంచి, తెల్లటి దుప్పటి మీద మెల్లగా గీసింది. పడవ! అదే వంకర పడవ! తర్వాత బోర్లా ఉన్న అరచేతిని వెల్లకిలా తిప్పింది.

"చెప్పమంటావా అమ్మా?"

రాణి అవునని కళ్లు మూసి తెరిచింది. జోటికుడు ఏడుస్తూ అంతా చెప్పేశాడు.

"కట్టుకథ!" అన్నాడు మంత్రి.

"అయితే తిరగేసి చూడండి దొరా!"

గునపాలు పట్టుకుని భటులు ఉరికారు. ఊరు ఊరంతా వెంటపడింది. తొట్టి కింది పలక లేపారు. పడవ! రేవు మెట్టు తిప్పారు. పడవ! వంటింటి బల్ల ఎత్తారు. పిండి దులిపితే పడవ! "మన కల్లిస్తమ్మే! అన్నీ మన కల్లిస్తమ్మే ఇచ్చింది!" అని జనం కేక పెట్టారు. ఆ కేక కోటగోడలు దాటి, కిటికీలోంచి మంచం దాకా వచ్చింది.

రాణి ఆ కేక విన్నది. జోటికుడి రాతిపొడి చేతిని పట్టుకుని, నవ్వుతూనే ప్రాణం విడిచింది. జోటికుడు చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. తన తల నిలిచిందన్న సంగతే అతనికి గుర్తులేదు.

మరి సమాధికి రాయి? మూడు రాళ్లనూ జనం మళ్లీ వాటి చోట్లలోనే పెట్టారు, పడవ పైకి కనబడేలా. అప్పుడు యూజీనుడు తలవంచుకుని వచ్చాడు. అతగాడు తన కోసం ముందే ఒక పెద్ద చలవరాయి చెక్కించి దాచుకున్నాడులెండి. దాని మీద పదకొండు వరుసల బిరుదులు!

"ఇది తీసుకో జోటికా. ఆమెకే తగును," అన్నాడు.

జోటికుడు కాదనలేదు. ఆ రాయిని బిరుదులు మట్టిలోకి పోయేలా బోర్లించాడు. నున్నటి వీపు మీద ఒక్క పడవ చెక్కాడు. చేయి తిరిగిన శిల్పి అయివుండీ, దాన్ని కావాలనే వంకరగా చెక్కాడు.

చేసిన మేలును బోర్లించి దాచినా, ఊరే దాన్ని ఒకనాడు వెల్లకిలా తిప్పుతుంది.